ఆదర్శ భోక్త

గన్నబత్తుల చంద్రం మాస్టారు ముప్ఫయ్యేళ్ల పైచిలుకు పిల్లలకు లెక్కలు చెబితే ఒక్క శాలువా రాలేదు. కాకరకాయ తిన్నందుకు మూడొచ్చాయి. తమాషా ఏమిటంటే మాస్టారు కాకరకాయ తినరు. పెళ్లయిన కొత్తలో ఆయన భార్య అనసూయమ్మ బెల్లం పెట్టి వండి చూసింది, ఉల్లికారం కూరి వేయించి చూసింది, చివరికి దానికి వేరే పేరు పెట్టి వడ్డించి కూడా చూసింది. ఆయన కంచం ముందు నుంచి లేచి చొక్కా తొడుక్కునేవారు. చొక్కా తొడుక్కున్నారంటే ఏడుకొండలు బజ్జీల బండి దగ్గరికి బయల్దేరారని ఆవిడకు అర్థమైపోయేది.

అలాంటి మనిషి జిల్లాకే ఆదర్శ భోక్త ఎలా అయ్యారో చెప్పాలంటే కథ రాజధాని నుంచి ఎత్తుకోవాలి.

రాజధానిలో బాలల ఆహార వాతావరణ విభాగమని ఒకటుంది. దానికి సంచాలకులు పీతాంబరం గారు. ఆయన ఎక్కడో పెద్ద సదస్సుకు వెళ్లి, పిల్లలు మనం తినమన్నది తినరు, మనం తింటుంటే చూసి అది తింటారు అనే మాట విని వచ్చారు. మంచి మాటే. మాస్టారి ఊరు సూరంపేటలో ఏ ముసలమ్మను కదిపినా ఆ మాట చెబుతుంది. కానీ ముసలమ్మ చెబితే ఎవరూ విభాగం పెట్టరు కదా. పీతాంబరం గారు చెప్పేసరికి దానికి 'దృశ్య పోషణ పథకం' అని పేరొచ్చింది, ఒక బొమ్మ వచ్చింది, ప్రతి బడికీ ఒక ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట ప్రతి బడిలోనూ ఒక ఆదర్శ భోక్త ఉండాలి. ఆయన పిల్లల ఎదుట కూర్చుని, కూరలూ ఆకుకూరలూ సంతృప్తిగా తినాలి. పిల్లలు చూసి నేర్చుకోవాలి.

సూరంపేట మండలంలో ఎంపిక పరీక్ష పెట్టారు. పంతుళ్లందరినీ మండల కార్యాలయంలో బెంచీల మీద కూర్చోబెట్టి తలా ఒక గిన్నెలో ఉప్పు లేని ఉడికించిన కాకరకాయ ఇచ్చారు. మండల విద్యాధికారిణి ప్రసన్నలత గారు చేతిలో కాగితంతో వరసగా ముఖాలు చూసుకుంటూ వెళ్లారు.

"రుచి గురించి ఎవరూ ఆందోళన చెందనక్కర్లేదు. మూల్యాంకనం కేవలం ముఖ సంతృప్తి మీదనే ఉంటుంది," అన్నారావిడ.

తెలుగు పంతులుగారి కళ్ల నీళ్లు తిరిగాయి. డ్రిల్లు మాస్టారు నోరు మూసుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తారు. ఇంకొకాయన నవ్వబోయి ఎక్కిళ్లు తెచ్చుకున్నారు. చంద్రం మాస్టారు మాత్రం చల్లగా, నిండుగా, పొద్దున్నే పూజ చేసుకు వచ్చిన మనిషిలా కూర్చున్నారు. ఇందులో ఆయన గొప్పేం లేదు. ఆయన ముఖం పుట్టుకతోనే అంత. ఒకసారి పన్ను పీకుతూ డాక్టరు "అంత హాయిగా ఉందేంటండీ మాస్టారూ" అని అడిగాడట, ఆయన ప్రాణం పోతుంటే. ఇప్పుడు కూడా కాకరకాయ ముక్క ఆయన ఎడమ బుగ్గలో దాక్కుని ఉంది. ప్రసన్నలత గారు మార్కులు రాసుకోవడానికి తలదించినప్పుడు అది జేబురుమాలులోకి దిగింది.

"నూటికి తొంభై ఆరు," అన్నారావిడ సంబరంగా. "మాస్టారూ, మీ ముఖం ఈ మండలానికి ఒక ఆస్తి."

ముప్ఫయ్యేళ్లలో ఆయన్ని పై అధికారి ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. ఇంకో ఏడాదిలో పదవీ విరమణ. ఆ మెప్పు విని మాస్టారు ఇంటిదాకా సైకిలు తొక్కలేదు, నడిపించుకుంటూ వచ్చారు. తన ముఖం ఎలా ఉంటుందో అని దారిలో రెండు కొట్ల అద్దాల్లో చూసుకున్నారు కూడా.

సూరంపేట బడిలో అంతకు ముందు పిల్లలు ఎలా తినేవారో కూడా చెప్పాలి. అరుగు మీద ఎదురెదురు వరసల్లో బంతి సాగేది. వంట మనిషి మంగాయమ్మ "కూర వదిలేసినోడికి రేపు గుడ్డు లేదు" అని బెదిరిస్తూ వడ్డించేది, మర్నాడు మర్చిపోయి అందరికీ గుడ్డు వేసేది. వంకాయ నచ్చనివాడు పక్కవాడి కంచంలోకి తోసి వాడి చిక్కీ సగం పుచ్చుకునేవాడు. ఒకడు ఆకుకూర పప్పు గబగబా తింటుంటే రెండోవాడు వాడికంటే ముందు తినెయ్యాలని తినేవాడు. ఆ గోలలో కంచాలు ఎలా ఖాళీ అయ్యేవో ఎవరికీ తెలిసేది కాదు.

ఆ బంతిలో అందరికంటే ముందు కూర్చునేది మూడో తరగతి హారిక. వాళ్లమ్మ తెల్లవారకుండానే రొయ్యల షెడ్డుకు పోతుంది. ఇంట్లో మామ్మ, ఖాళీ పొయ్యి. ఆ పిల్లకి పొద్దున్న నుంచి కడుపులో పడే మొదటి ముద్ద బడి ముద్దే. ఒకనాడు గుణకారాలు చెబుతుంటే తూలి పడిపోయింది. అప్పుడు ఆ సంగతి తెలుసుకుని, "మంగాయమ్మా, వడ్డన ఈ పిల్ల నుంచే మొదలెట్టు" అని చెప్పింది చంద్రం మాస్టారే. చెప్పి ఆయన స్టాఫ్ రూములోకి వెళ్లి బజ్జీలు తినేవారు. ఎవరి కడుపు వారికి నిండేది.

పథకం మొదలైంది. వెనక వరస పిల్లలకు కూడా కనిపించాలని అరుగు చివర ఎత్తుగా వేదిక కట్టించారు. దాని మీద బల్ల, బల్ల మీద పథకం పేరు అచ్చేసిన బట్ట. బట్ట కొలత తప్పింది. బల్ల పైభాగానికి సరిపోయింది, ముందుకు జానెడు వేలాడింది, అంతే. పక్కన కుర్చీలో కూర్చునే అధికారికి బల్ల మీద కంచం, కంచం పైన మాస్టారి ముఖం చక్కగా కనిపిస్తున్నాయి కాబట్టి ఎవరూ దాని గురించి పట్టించుకోలేదు.

మాస్టారు పంచె మడతల్లో, ఒడిలో, మూత తీసిన స్టీలు డబ్బా ఒకటి పెట్టుకున్నారు. ముద్ద కలపడం, నోటిదాకా తేవడం, కళ్లు అరమోడ్చి 'ఆహా' అనడం, పై పంచెతో మూతి తుడుచుకోవడం. ఆ తుడుచుకోవడంలో ముద్ద డబ్బాలో పడేది. నాలుగు రోజుల్లో చెయ్యి తిరిగింది. గుడ్డు మాత్రం డబ్బాలోకి పోయేది కాదు. గుడ్డంటే ఆయనకు ఇష్టమే.

ఆయన తింటున్నంతసేపూ పిల్లలు చేతులు కట్టుకుని చూడాలని నిబంధన. పక్కవాడితో మాట్లాడకూడదు, కూర మార్చుకోకూడదు. దాన్ని 'పార్శ్వ ప్రభావం' అంటారట, అది దృశ్య పోషణను పలుచన చేస్తుందట. చూడటం అయ్యాక వడ్డన. అప్పటికి అన్నం చల్లారి గట్టిపడేది. నోరు మూసుకుని, ఎవరి కంచం వారు చూసుకుంటూ తినాలంటే పిల్లలకు ముద్ద దిగేది కాదు. సగం కూర కంచాల్లోనే ఉండిపోయేది.

నెల తిరిగేసరికి ప్రసన్నలత గారు వచ్చి మిగిలిన కూర చూసి విచారించారు.

"మాస్టారూ, విషయం స్పష్టం. పిల్లలకు దృశ్య మోతాదు చాలడం లేదు. రేపటి నుంచి ప్రదర్శన రెట్టింపు చేద్దాం."

"అన్నం చల్లారిపోతోందండి. అదీ కారణమేమో," అన్నారు మాస్టారు.

"అన్నం ఉష్ణోగ్రత మన విభాగం పరిధిలోకి రాదు కదండీ," అన్నారావిడ సౌమ్యంగా. ఆ సాయంత్రమే మాస్టారికి మండల స్థాయిలో మొదటి శాలువా కప్పారు.

ఇంట్లో అనసూయమ్మ శాలువా మడతపెట్టి బీరువాలో దాచింది. స్టీలు డబ్బా చింతపండుతో తోముతూ అడిగింది.

"ఏవండీ, ఎన్నిసార్లు తోమినా ఈ డబ్బాకి కాకరకాయ వాసన పోవట్లేదు. ఇంతకీ మీరు తింటున్నారా, తినటం లేదా?"

"ప్రభుత్వం తింటున్నాననే అంటోంది," అన్నారు మాస్టారు.

"మరి పిల్లలు?"

ఆయన చొక్కా తొడుక్కున్నారు.

తర్వాత పీతాంబరం గారికి ఇంకో ఆలోచన వచ్చింది. బడిలో ఎంత చూపించినా, ఇంట్లోనూ వీధిలోనూ పిల్లల కంట పడేదాన్ని వదిలేస్తే ఏం లాభం? కాబట్టి గృహ వాతావరణ పరిశీలన బృందాలు బయల్దేరాయి. బృందానికి దారి చూపించే బాధ్యత చంద్రం మాస్టారిదే. వాళ్లు హారిక ఇంటికి వెళ్లినప్పుడు మామ్మ గుమ్మంలో కూర్చుని ఉంది.

పరిశీలకుడు కుర్రాడు, మెడలో కార్డు. వంటిల్లంతా కలియజూశాడు. డబ్బాల మూతలు తీశాడు. బిస్కెట్లు లేవు, చక్కెర లేదు, నూనె సీసాలో అడుగున చుక్క, వేపుళ్ల జాడ లేదు.

"అద్భుతం. ఈ ఇంట్లో ప్రతికూల ఆహార సంకేతాలు శూన్యం," అన్నాడు. "పరిశీలించిన ఇళ్లలో ఇంత శుద్ధమైన వాతావరణం ఎక్కడా లేదండీ."

"సంకేతాలేంటి బాబూ, బియ్యమే లేవు," అంది మామ్మ. "సాయంత్రం మా కోడలు తెత్తేనే పొయ్యెలిగేది."

"మితాహారం కూడా పాటిస్తున్నారు," అని కుర్రాడు రాసుకున్నాడు. గుమ్మం మీద 'ఆదర్శ గృహం' అని రేకు బోర్డు కొట్టించాడు. మేకు దిగేటప్పుడు గోడ పెచ్చు ఒకటి రాలి మామ్మ ఒళ్లో పడింది. మాస్టారు తలదించుకుని నిలబడ్డారు. ఆయనకు సిగ్గేసింది. కానీ జిల్లా శాలువా వచ్చే వారమే ఉంది. నోరు తెరిస్తే అది ఎటు పోతుందో తెలియదని ఊరుకున్నారు.

వీధి సంగతి వీధిలోనే తేల్చారు. బడి గేటు ముందు ఏడుకొండలు బజ్జీలు వేస్తుంటే పిల్లలు చూస్తున్నారు కాబట్టి బండి చుట్టూ తెర కట్టాలన్నారు. తెర బయట క్యారెట్లు, కీర ముక్కలు పెట్టాలి, అవి ఎవరూ కొనకపోయినా సరే. ఊళ్లో బహిరంగంగా ఏదైనా తినాలంటే అనుమతి కావాలి. అనుమతి ఉన్నవాళ్లు ఆరుబయట కూర్చుని కీర ముక్కలు కొరుకుతున్నారు, లేనివాళ్లు తెరలోకి దూరుతున్నారు. వారం తిరక్కుండానే ఊరంతా తెరలోకే దూరింది.

"ఆయ్, వేపారం రెండింతలైందండి మాస్టారూ," అన్నాడు ఏడుకొండలు, తెర పక్కకు తీసి ఆయన్ని లోపలికి పిలుస్తూ. "ఇదివరకు బజ్జీ అంటే బజ్జీయేనండి. ఇప్పుడు లోపలేదో ఉందని పక్కూరోళ్లు కూడా వత్తన్నారు. పిల్లలైతే ఒకటే గోలండి, లోపలికి రానియ్యమని."

జిల్లా శాలువా కూడా వచ్చాక అసలు దెబ్బ పడింది. ఒక్క భోక్త చాలరని, సమాజంలో పెద్దలు కూడా పిల్లల కంట పడాలని, ఉప భోక్తలను నియమించారు. సర్పంచి పేరయ్యనాయుడు, బ్యాంకు మేనేజరు, ఇంకా ఇద్దరు పెద్దమనుషులు వేదికెక్కారు. మరి వాళ్లకు తిండి ఎక్కడిది? పీతాంబరం గారు స్వయంగా సూరంపేట వచ్చి ఆ చిక్కు విడదీశారు.

"చూడండి. పిల్లవాడికి గుడ్డు పెడితే అందులోని పోషకం ఒక్కడికి అందుతుంది. అదే గుడ్డు వేదిక మీద పెద్దలు తింటే, ఆ దృశ్యం బడి మొత్తానికి అందుతుంది. ఏది లాభసాటి? కనుక గుడ్లన్నీ వేదికకే కేటాయిస్తున్నాం."

"అయ్యా, కొంతమంది పిల్లలకు ఇక్కడ తినేదే..." అని మాస్టారు మొదలుపెట్టారు.

"మాస్టారూ," అన్నారు పీతాంబరం గారు ఆయన భుజం మీద చెయ్యేసి, "రాష్ట్ర స్థాయికి మీ పేరే పంపుతున్నాను."

మాస్టారి ముఖం ఎప్పట్లాగే సంతృప్తిగా ఉండిపోయింది. ఆయన లోపల ఏమనుకున్నారో ఆ ముఖం మీద ఎవరికీ కనపడదు. అదే ఆయన ఖర్మ.

రాష్ట్ర శాలువా కప్పించుకుని వచ్చిన మర్నాడు ఆయన మూడో తరగతిలో తీసివేతలు చెప్పారు. "ఒక పళ్లెంలో ఆరు గుడ్లున్నాయి. నలుగురు తలా ఒకటి తిన్నారు. ఎన్ని మిగిలాయి?"

తరగతి ఆలోచనలో పడింది. హారిక చెయ్యెత్తింది. ఈ మధ్య ఆ పిల్ల మెడ మరీ సన్నబడింది.

"ఎవరు తిన్నారండి మాస్టారూ? మనవా, బల్లకాడోళ్లా?"

"ఎవరైతే ఏంటే, లెక్క ఒకటే కదా."

"కాదండి. మనవైతే రెండు మిగుల్తాయండి. ఆళ్లైతే ఏం మిగలవండి. మొన్న సర్పంచి గారు మూడు తిన్నారండి. మీరు రెండు తిన్నారు."

పిల్లలెవరూ నవ్వలేదు. అందరూ ఆ లెక్క చూసినవాళ్లే. మాస్టారు సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని, గంట కొట్టకముందే బయటికొచ్చారు. ఆ మధ్యాహ్నం వేదిక మీద ఆయన గుడ్డు కూడా తినలేదు. డబ్బాలో వేసేశారు.

పథకం ఫలితాలు లోకానికి చూపించడానికి పెద్ద సభ పెట్టారు. ఈసారి తినేది పిల్లలే. ఇన్నాళ్లు చూసింది ఎంత వంటపట్టిందో అతిథులకు చూపించాలి. ఆ ఒక్కరోజుకీ ప్రతి పిల్లకీ నిండు కంచం: వేడి అన్నం, పప్పు, కాకరకాయ వేపుడు, గుడ్డు. మంగాయమ్మ తెల్లవారకముందే పొయ్యి వెలిగించింది. అతిథులు, కెమెరాల వాళ్లు వేదిక మీద కుర్చీల్లో కూర్చున్నారు. పిల్లలు కింద బంతిలో కూర్చున్నారు. చంద్రం మాస్టారు, భుజాల మీద రాష్ట్ర శాలువాతో, బంతుల మధ్య నిలబడ్డారు.

పీతాంబరం గారు చేయి ఊపారు. పిల్లలు మొదలుపెట్టారు.

అందరూ ఒకేసారి ముద్ద కలిపారు. ఒకేసారి నోటిదాకా తెచ్చారు. ఒకేసారి కళ్లు అరమోడ్చి 'ఆహా' అన్నారు. మగపిల్లలు చొక్కా అంచుతో, ఆడపిల్లలు చున్నీ కొసతో మూతి తుడుచుకున్నారు. ముద్దలన్నీ ఆ గుడ్డల మాటునే ఒళ్లో పెట్టుకున్న టిఫిను డబ్బాల్లోకి పోయాయి. మళ్లీ ముద్ద, మళ్లీ 'ఆహా', మళ్లీ డబ్బా. వేదిక మీది నుంచి చూసేవాళ్లకు నవ్వుముఖాలు, తగ్గుతున్న కంచాలు తప్ప ఏమీ కనిపించడం లేదు.

మాస్టారు తల తిప్పి వేదిక వైపు చూశారు. ఇన్నాళ్లలో ఆయన ఎప్పుడూ కింద నిలబడి ఆ బల్లను చూడలేదు. జానెడు బట్ట కింద బల్ల కాళ్లు, బల్ల కాళ్ల మధ్య ఖాళీ, ఆ ఖాళీలోంచి పేరయ్యనాయుడి పంచె, ఆయన గోక్కుంటున్న మోకాలు అన్నీ కనిపిస్తున్నాయి. నేల మీద కూర్చున్న పిల్లలకు మొదటి రోజు నుంచీ మాస్టారి ఒడిలో డబ్బాయే కనిపించింది. బడి మొత్తం దాన్నే చూసి నేర్చుకుంది.

"శత శాతం అనుకరణ," అని పీతాంబరం గారు మైకులో అంటున్నారు. "గమనించండి, మూతి తుడుచుకునే పద్ధతి కూడా గురువుగారిదే."

అతిథులు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో ఎవరో మాస్టారి పంచె పట్టుకుని లాగారు. హారిక. ఆ పిల్ల ఎడమచేతిలో డబ్బా, కుడిచేతిలో గుడ్డు. గుడ్డు నోటి దగ్గరిదాకా తెచ్చి ఆగిపోయింది. దాని మీద నుంచి కళ్లు తిప్పుకోలేకపోతోంది.

"మాస్టారండీ," అంది గుసగుసగా. "ఇది తినేదా, చూపించేదా?"

చంద్రం మాస్టారు వంగి ఆ పిల్ల ముఖంలోకి చూశారు. ఆకలితో ఉన్న పిల్ల చేతిలో గుడ్డు పెట్టుకుని అనుమతి అడుగుతోంది. ఇన్నేళ్లూ తను ఏం నేర్పాడో ఏమోగానీ ఈ ఆరు నెలల్లో ఇది నేర్పాడు.

"తినేదే తల్లీ," అన్నారు. "తినెయ్."

ఆ పిల్ల నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? ఆయన శాలువా తీసి నేల మీద పరిచి, హారిక పక్కన బంతిలో చతికిలబడ్డారు. "మంగాయమ్మా, నాకూ ఒక కంచం పెట్టు," అని కేకేశారు. మంగాయమ్మ పెట్టింది. ఆయన ఒడిలో డబ్బా లేదు. రెండు చేతులూ పైకెత్తి పిల్లలందరికీ చూపించి మరీ కాకరకాయ వేపుడు కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమిలారు.

పుట్టిన దగ్గర నుంచి కదలని ముఖం అప్పుడు కదిలింది. ముక్కు ముడుచుకుంది, కళ్లు మూసుకుపోయాయి, చెవులు కూడా వెనక్కి జరిగాయని మంగాయమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఆయన గుటక వేసేసరికి బంతి బంతంతా విరగబడి నవ్వింది.

"చేదండీ?" అంది హారిక గుడ్డు కొరుకుతూ.

"విషంలా ఉందే. నీ పప్పు కొంచెం ఇలా వెయ్యి, నా గుడ్డు తీసుకో."

ఇక ఆగలేదు. కూరలు చేతులు మారాయి, డబ్బాల్లోంచి ముద్దలు కంచాల్లోకి వచ్చాయి, ఎవరు ముందు చేదు మింగుతారో పందేలు పడ్డాయి. కంచాలన్నీ నిజంగానే ఖాళీ అయ్యాయి. వేదిక మీద మాత్రం కెమెరాలు ఆపించారు.

మర్నాడే విచారణ. ప్రసన్నలత గారు అడిగారు, బాధగానే.

"తొంభై ఆరు మార్కుల ముఖం మాస్టారూ. ఎందుకలా పెట్టారు?"

"తిన్నానండి," అన్నారు మాస్టారు.

పీతాంబరం గారికి ఈ జవాబు మింగుడుపడలేదు. "మీ వల్ల దృశ్యం చెడింది. వేదిక భోజనం వేదిక మీదే జరగాలి. మిమ్మల్ని భోక్త పదవి నుంచి తొలగిస్తున్నాం."

"చిత్తం. ఒక్క మనవి," అన్నారు మాస్టారు. లెక్కల పంతులు కదా, రాత్రంతా లెక్క కట్టుకుని వచ్చారు. "పోషకం దృశ్యంలోనే ఉందని తమరే సెలవిచ్చారు. మరి అసలు గుడ్డు అయితే ప్రతిరోజూ తరిగిపోతోంది, కుళ్లుతోంది కూడా. కొయ్యతో చేయించి రంగు వేస్తే ఏళ్ల తరబడి అదే దృశ్యం. కాకరకాయలు కూడా అంతే. ముఖాలు కూడా చెడవు."

పీతాంబరం గారు ఆయన వంక చూశారు. ఆ ముఖం మళ్లీ సంతృప్తిగా ఉంది. దాంట్లో ఎగతాళి వెతికినా దొరకదు.

"శాశ్వత దృశ్య పోషణ," అన్నారు పీతాంబరం గారు మెల్లగా, ఆ మాటను చప్పరించి చూస్తూ. "ప్రసన్నలత గారూ, రాసుకోండి."

ఇప్పుడు సూరంపేట బడిలో మధ్యాహ్నం గంట కొట్టగానే బంతి చుట్టూ తెర కడతారు. పిల్లలతో కలిసి తినే చంద్రం మాస్టారి ముఖం వేదిక మీది వాళ్లకు కనిపించి దృశ్యం చెడగొట్టకూడదని విభాగం వారే ఇచ్చిన తెర అది. వేదిక మీద కొత్త ఆదర్శ భోక్త పేరయ్యనాయుడు కూర్చుంటారు, ఎదురుగా కెమెరా ఉంటుంది. అసలు గుడ్లన్నీ తెరలోకి వచ్చేశాయి. వడ్డన హారిక నుంచే మొదలవుతుంది.

మొదటి రోజు పేరయ్యనాయుడు తెల్లగా మెరిసే గుడ్డును చేతిలోకి తీసుకుని బరువు చూశారు. వేలితో కొట్టి చూశారు. తెర పక్కకు జరిపి, లోపల పిల్లల మధ్య పప్పన్నం కలుపుకుంటున్న చంద్రం మాస్టారిని అడిగారు.

"ఏం మాస్టారూ, ఇది తినేదా, చూపించేదా?"

హారిక నోటినిండా గుడ్డుతో కిసుక్కున నవ్వింది.

"తమరిది చూపించేదండి," అన్నారు మాస్టారు.